అరవై రెండు టేకుచెట్ల జీవన ధ్రువీకరణ

మేడిశెట్టి నూకరత్నం గట్టు మీదున్న అరవై రెండు టేకుచెట్లూ మార్చి పదకొండో తారీకు ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకి మరణించాయి. ఆ సంగతి చెట్లకి తెలీదు. నూకరత్నానికి కూడా పదిన్నరకి గానీ తెలియలేదు. అప్పటిదాకా ఆవిడ అరటితోటలో పిలకలు కోస్తూ ఉంది.

ఇన్ని చావులు ఒక్కసారి ఎలా వచ్చిపడ్డాయో చెప్పాలంటే ముందు గట్టు వృక్షాభివృద్ధి సంస్థ గురించి చెప్పుకోవాలి. పొలం గట్ల మీద చెట్లు పెంచితే రైతుకి కలప, నేలకి ఎరువు, పంటకి గాలి నుంచి కాపు, ఊరికి చల్లదనం అని ఎవరో తెలిసినవాళ్ళు చెప్పారు. అందులో వంక పెట్టడానికేమీ లేదు, నూటికి నూరుపాళ్ళూ నిజం. కానీ నిజాన్ని ఊరికే వదిలేస్తే ఎలా? దానికో సంస్థ పెట్టారు. సంస్థకో అధికారి కావాలి గనక కోదండపాణి గారిని వేశారు. ఆయన అంతకుముందు పాతికేళ్ళు పింఛన్ల విభాగంలో పనిచేసిన మనిషి. వస్తూ వస్తూ ఒట్టి చేతులతో రాకుండా అక్కడి ఫారాలన్నీ వెంట తెచ్చుకున్నారు. 'పింఛనుదారు' అని ఉన్న ప్రతిచోటా కొట్టేసి 'వృక్షం' అని టైపు చేయించారు. అంతే, సంస్థ పని మొదలైపోయింది.

ఒక్కో చెట్టుకీ పసుపు రంగుతో నంబరు వేశారు. ఫొటో తీసి కార్డు ఇచ్చారు. కార్డు మీద తండ్రి పేరు గడి ఉంటే, ఏం రాయాలో తోచక అన్నిటికీ 'విత్తనం' అని రాశారు. వైవాహిక స్థితి దగ్గర మాత్రం కోదండపాణి గారు రెండురోజులు ఆలోచించి, 'వర్తించదు' అని రాయమన్నారు. ఆయన్ని తొందరపాటు మనిషని ఎవరూ అనలేరు.

బతికున్న చెట్టుకి రైతుకి ఏడాదికింత అని ప్రోత్సాహకం. చచ్చిన చెట్టయితే నెలా పదిహేను రోజుల్లో కొట్టేసి, ఆ గోతిలోనే సంస్థ ఇచ్చిన మొక్క పెట్టాలి. మరి చెట్టు బతికుందని సంస్థకి ఎలా తెలుస్తుంది? పింఛనుదారు బతికున్నాడని ఎలా తెలుస్తుందో అలాగే. ఏటా ఒకసారి జీవన ధ్రువీకరణ పత్రం ఇవ్వాలి. అది మార్చిలో ఇవ్వాలి, ఎందుకంటే ఆర్థిక సంవత్సరం మార్చితో ముగుస్తుంది. చెట్లు కూడా ఈ విషయం గమనించి నడుచుకుంటాయని కోదండపాణి గారి నమ్మకం.

టేకుచెట్లు గమనించలేదు. అవి ఎప్పట్లాగే మాఘమాసంలో ఆకు రాల్చుకుని, ఒళ్ళంతా బోడి చేసుకుని నిలబడ్డాయి.

సంస్థ తరఫున ఫోను పట్టుకుని వచ్చినవాడు ప్రసన్నరాజు. పక్క ఊరి కుర్రాడే, పెళ్ళయి ఇద్దరు పిల్లలు, కాంట్రాక్టు ఉద్యోగం. నూకరత్నం గట్టు దగ్గరికి వచ్చేసరికి అతని మొహం వాడిపోయి ఉంది.

"పిన్నిగారూ, ఏమనుకోకండి. మీ చెట్లు పోయాయండి."

"ఎక్కడికి పోయాయి బాబూ? ఇక్కడే ఉన్నాయి కదా!"

"అలా కాదండీ. చనిపోయాయండి. యాప్‌లో ఆకుపచ్చ శాతం సున్నా వచ్చిందండి. ముప్ఫై శాతానికి తక్కువైతే మరణం కింద వేసుకుంటుందండి, ఆయ్."

నూకరత్నం కొడవలి కింద పెట్టి, ఏడో నంబరు చెట్టు దగ్గరికి వెళ్ళి, బెరడు మీద గోటితో గట్టిగా గీకింది. లోపల పచ్చగా, తడిగా నిగనిగలాడింది.

"ఇది చూడు. ఇదేటి మరి? శవానికి ఇలా ఉంటుందా? ఇవి ఏటేటా ఆకు దులుపుకుంటాయి బాబూ. నాలుగు చినుకులు పడితే మళ్ళీ గొడుగుల్లాంటి ఆకులేస్తాయి. ఇరవై రెండేళ్ళ నుంచి చూస్తున్నాను."

ప్రసన్నరాజు ఆ పచ్చని గీత కేసి చాలాసేపు చూశాడు. ఫోను కేసి కూడా చూశాడు. "నాకు తెలుసండి. మా అమ్మ గట్టు మీద కూడా ఉన్నాయండి. కానీ గోకి చూడ్డానికి ఇందులో గడి లేదండి."

అక్కడితో నవ్వేసి ఊరుకునేదే నూకరత్నం. కానీ నాలుగోరోజుకి నోటీసు వచ్చింది. మే ఒకటో తారీకులోపు అరవై రెండు మృతదేహాలనీ తొలగించాలి. లేకపోతే సంస్థే రంపపు మిషను పంపి తొలగిస్తుంది.

అప్పుడు ఆవిడకి నవ్వు పోయింది. ఆవిడది మూడెకరాల మెట్ట. మొగుడు పోయిన ఏడాది ఆవిడే స్వయంగా ఆ మొక్కలు నాటింది. అంతకుముందు ఏటా ఆశ్వయుజంలో గాలి లేస్తే, గెల దిగిన అరటి గెల దిగినట్టే నేలకి పడుకునేది. చెట్లు ఎదిగాక గాలి వాటి దగ్గరే ఆగిపోతోంది. రాలిన ఆకు తోటలోకే ఎరువు. కొమ్మలు నరికితే గెలలకి పోటుగెడలు. ఎడం చేయడానికి తీసేసిన పద్దెనిమిది చెట్లతో ఇంటికి కొత్త దూలాలు వేయించుకుంది, మిగిలిన కలప అమ్మి బోరు వేయించింది. ఆ గట్టు బోడి అయితే మొదటి గాలికి అరటి పోతుంది, అరటి పోతే ఆవిడకి ఇంకేమీ లేదు. ఇది తెలియడానికి ఆవిడకి ఏ సంస్థా అక్కర్లేకపోయింది.

మర్నాడు ఎనిమిది గంటల బస్సుకే టౌనుకెళ్ళింది.

కోదండపాణి గారు చాలా మర్యాదస్తులు. ఆవిడ్ని కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, చేతులు జోడించారు.

"అమ్మా, మీకు కలిగిన నష్టం పూడ్చలేనిది. విధినిర్వహణలో ఉండగానే అరవై రెండు వృక్షాలు ఏకకాలంలో అసువులు బాయడం సంస్థ చరిత్రలో ఇదే ప్రథమం. మా కార్యాలయ సిబ్బంది నిన్న సాయంత్రం రెండు నిమిషాలు మౌనం పాటించారు."

"బాబుగారూ, అవి చావలేదండి. బతికే ఉన్నాయి."

"ఆప్తులు పోయినప్పుడు ఎవరికైనా అలాగే అనిపిస్తుందమ్మా. పింఛన్లలో ఉండగా ఎన్నో చూశాను."

"అయ్యో రామా! ఆకు రాల్చుకున్నాయండీ. మీరు ఉగాదికి ముందు తల గొరిగించుకుంటే చచ్చిపోయినట్టా?"

కోదండపాణి గారు అసంకల్పితంగా తన బట్టతల తడుముకున్నారు. తర్వాత గొంతు సవరించుకున్నారు. "సదరు వృక్షములు జీవించి ఉన్నవని మీరు వాదించదలచుకుంటే అందుకు మార్గం లేకపోలేదు. గెజిటెడ్ అధికారి ఒకరు స్వయంగా పరిశీలించి ధ్రువీకరించవలెను. సదరు అధికారి మనుషులకు చెందిన వైద్యులై ఉండరాదు. వృక్షం మనిషి కాదు కదా."

మండలంలో గెజిటెడ్ అధికారి, మనుషుల డాక్టరు కానివారు, పిలిస్తే గట్టు దాకా వచ్చేవారు ఒక్కరే ఉన్నారు. పశువుల డాక్టరు హైమావతి గారు. నూకరత్నం గేదెకి ఈత కష్టమైతే ఆవిడే వచ్చి చెయ్యి పెట్టి దూడని లాగింది. ఆ చనువుతో అడిగితే, తల పట్టుకుని నవ్వి, సరే పదండి అంది. నవ్వినా మనిషి నిక్కచ్చి. ఫారం ముందు పెట్టుకుంటే ఏ గడీ వదిలిపెట్టదు, అబద్ధం రాయదు. చెట్టుకి చెవి ఆనించి విన్నది, గోకి చూసింది, కొమ్మ చివర మొగ్గ విప్పి చూసింది. 'జీవించి ఉన్నది, ఆరోగ్యంగా ఉన్నది' అని అరవై రెండు పత్రాలు రాసి సంతకం పెట్టింది. అవి ఆవిడ దగ్గరుండే పశువుల ఫారాలు గనక, కింద ఉన్న గడులు కూడా నింపింది. నడక: లేదు. మేత: తీసుకోవడం లేదు. నెమరు: లేదు. పిలిస్తే స్పందన: లేదు.

వారానికి కోదండపాణి గారి జవాబు వచ్చింది. "వైద్యాధికారి నివేదికను కూలంకషంగా పరిశీలించడమైనది. నడక, మేత, నెమరు, స్పందన లేని ప్రాణి ఆరోగ్యంగా ఉన్నదనుట పరస్పర విరుద్ధం. కావున మరణం ఖాయపరచడమైనది."

ఈలోగా నూకరత్నం పక్కపొలం బుల్లెబ్బాయి మాత్రం సంస్థకి కంటివెలుగైపోయాడు. ఆయన గట్టు మీద నలభై టేకుచెట్లుండేవి. అవీ బోడిగానే ఉన్నాయి, అవీ పోయాయన్నారు. "గవర్నమెంటుతో మనకెందుకొచ్చిన గోల వదినా?" అని బుల్లెబ్బాయి వారం తిరక్కుండా నలభయ్యీ కొట్టించి, కలప వచ్చినకాడికి అమ్మేసి, ఆ గోతుల్లో సంస్థ ఇచ్చిన క్రోటన్ మొక్కలు పెట్టాడు. క్రోటన్లు ఏడాది పొడుగునా ఆకులతో ఉంటాయని, వాటికి మార్చి అయినా ఆగస్టు అయినా ఒకటేనని, క్రమశిక్షణ గల మొక్కలని కోదండపాణి గారు వాటినే ఎంచారు. బుల్లెబ్బాయి దొడ్లో ఎప్పుడో పిడుగు పడి చచ్చిన తాటిమోడు ఒకటుంది. దానిమీదికి ఆయన భార్య బీరపాదు ఎక్కించింది. యాప్ దాన్ని చూసి ఆకుపచ్చ తొంభై నాలుగు శాతం అంది. ఆ మోడుకి మండల స్థాయి ఉత్తమ వృక్షం బహుమతి వచ్చింది. కోదండపాణి గారు స్వయంగా వచ్చి శాలువా కప్పారు. కప్పేటప్పుడు రెండు బీరకాయలు అడ్డమొస్తే పక్కకి జరిపారు.

"నువ్వూ నాలుగు తీగలు పాకించుకోవచ్చుగా వదినా!" అన్నాడు బుల్లెబ్బాయి.

"బతికున్నదానికి వేషం వేసి బతికుందని చూపించాలా? నా వల్ల కాదు మరిదీ." నూకరత్నానికి నిజంగానే ఒళ్ళు మండింది. అయినా మే ఒకటో తారీకు దగ్గరికొచ్చేస్తోంది. ఆ వారమంతా ఆవిడకి ముద్ద దిగలేదు. గట్టు మీద కూర్చుని ఒక్కో చెట్టునీ తడుముతూ, "చచ్చిపోయారంటమ్మా మీరు" అని వాటికి చెప్పి, పమిటతో కళ్ళు తుడుచుకుంది.

ఏప్రిల్ ఇరవై ఆరున ప్రసన్నరాజు రంపం మిషను ఎప్పుడొస్తుందో చెప్పడానికి వచ్చాడు. చెప్పలేక నోటీసు అటూ ఇటూ తిప్పుతున్నాడు.

"ఆ వెనకపేజీలో ఏటో సన్నటి అక్షరాలున్నాయి, ఏవిటది?" అంది నూకరత్నం.

"అది పాత పింఛను ఫారంలోదండి, పట్టించుకోకండి. ఉద్యోగంలో ఉండగా పోతే వారసులకి కారుణ్య నియామకం ఇస్తారని... వృక్షము విధినిర్వహణలో మరణించినచో, దాని వారసులు అదే స్థానమున నియమింపబడుటకు అర్హులు..." చదువుతూ చదువుతూ ఆగిపోయాడు.

ఇద్దరూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు.

"బాబూ, ఆ యాప్‌కి ఎంత పచ్చదనం చూపిస్తే వారసుడని నమ్ముతుంది?"

"కొత్త మొక్కయితే ఒక్క ఆకు చాలండి. చిన్నపిల్లలు కదా అని రాయితీ ఇచ్చారండి."

ఇక మిగిలింది ఆకాశం దయ. ఇరవై తొమ్మిది మధ్యాహ్నం ఉరిమి, గాలి లేచి, అరగంట జల్లు కొట్టింది. మర్నాటికల్లా కొమ్మల చివర మొగ్గలు విచ్చి, ఎలకచెవులంత ఆకులు బయటికొచ్చాయి. ప్రసన్నరాజు నిచ్చెన తెచ్చుకుని మరీ ఫొటోలు తీశాడు. అరవై రెండు వారసత్వ దరఖాస్తులు సాయంత్రంలోగా వెళ్ళిపోయాయి. వారసుని వయసు: ఒక రోజు. ఎత్తు: నలభై అడుగులు. మృతునితో బంధుత్వం: ఒకే వేరు. నివాసం: మృతుని చిరునామాయే.

కోదండపాణి గారు కారుణ్య నియామకాల్లో దిట్ట. ఎన్నో కుటుంబాల్ని నిలబెట్టిన చెయ్యి అది. అరవై రెండు ఫైళ్ళ మీదా మమకారంగా సంతకాలు పెట్టారు. చనిపోయిన చెట్లు రికార్డులోంచి పోయాయి గనక కొట్టడానికేమీ మిగల్లేదు. కొత్త మొక్కలు స్థానంలో చేరిపోయాయి గనక నాటడానికీ ఏమీ మిగల్లేదు. రంపం మిషను దారిలోంచే వెనక్కి తిరిగింది. నూకరత్నం అరవై రెండు చెట్లకీ బెల్లం ముక్క పెట్టి బారసాల చేసింది. ప్రసన్నరాజుకి గెలలో మేలైన రెండు హస్తాలు కోసిచ్చింది.

ఆశ్వయుజం వచ్చింది. దాంతోపాటు గాలీ వచ్చింది. ఒక పగలంతా హోరుమని కొట్టింది. వెలిసాక చూస్తే బుల్లెబ్బాయి అరటితోట చాప పరిచినట్టు నేల మీదుంది. క్రోటన్లయితే ఎగిరిపోయి పక్క ఊరి బడి గోడకి అతుక్కున్నాయి. నూకరత్నం తోటలో పదో పన్నెండో చెట్లు ఒరిగాయి, అంతే. తక్కిన గెలలన్నీ చెక్కుచెదరకుండా వేలాడుతున్నాయి. బుల్లెబ్బాయి గట్టు మీద కూలబడి, "నా చేత్తో నేనే కొట్టించుకున్నాను వదినా" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నూకరత్నం అన్నం తెచ్చి పెట్టింది.

కోదండపాణి గారు నష్టం చూడ్డానికి వచ్చి, నష్టం లేని తోట చూసి ఆశ్చర్యపోయారు. రికార్డు తెప్పించి చూసి ఇంకా ఆశ్చర్యపోయారు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద రైతులందర్నీ కూర్చోబెట్టి మీటింగు పెట్టారు.

"సోదర సోదరీమణులారా! ఈ గ్రామం ఒక మహత్తర సత్యాన్ని లోకానికి చాటింది. కేవలం ఆరు నెలల వయసు గల లేత మొక్కలు పెనుగాలిని నిలువరించాయి. ఆరు నెలల మొక్కే ఇంత పని చేస్తుంటే ఇరవై ఏళ్ళ ముసలి చెట్లు మనకెందుకు? కావున ఏడాది దాటిన వృక్షములన్నిటికీ పదవీ విరమణ కల్పించి, వాటి స్థానంలో యువ మొక్కలను నియమించుటకు సంస్థ ఉత్తర్వు సిద్ధం చేసింది. ఆదర్శ రైతుగా శ్రీమతి నూకరత్నం గారు మొదటి సంతకం చేస్తారు."

జనం చప్పట్లు కొట్టలేదు. నూకరత్నానికి కాగితం, కలం అందించారు. సంతకం పెడితే తన చెట్లు భద్రం. ఊళ్ళో ఇంకా నిలబడి ఉన్న చింతలు, కానుగలు, మిగిలిన టేకులు అన్నీ పోతాయి. పెట్టకుండా నిజం చెప్పేస్తే తన చెట్లు మళ్ళీ శవాలు. మళ్ళీ రంపం మిషను.

కలం బల్ల మీద పెట్టేసింది.

"బాబుగారూ, నేను అబద్ధం రాయించాను. అవి ఆరు నెలల పిల్లలు కాదండి. నేను ఇరవై రెండేళ్ళ క్రితం నాటినవేనండి. గాలిని ఆపినవి అవే. కావాలంటే వచ్చి వాటేసుకుని చూడండి, మీ రెండు చేతులూ కలిస్తే నన్నడగండి."

వెనక ప్రసన్నరాజు కళ్ళు మూసుకున్నాడు. కోదండపాణి గారు నెమ్మదిగా రికార్డు తిరగేశారు. "అమ్మా, ఆ ఇరవై రెండేళ్ళవి మార్చి పదకొండున చనిపోయాయి. నా సంతకం ఉంది."

"ఆరు నెలలవైతే గాలిని ఎలా ఆపుతాయండీ?" బుల్లెబ్బాయి లేచాడు. "నావి కూడా ఆరు నెలల మొక్కలే. మీరిచ్చినవే. ఎక్కడున్నాయో బడిపిల్లల్ని అడగండి."

"అవునవును" అని జనం అందరూ ఒక్కసారి అరిచారు. కోదండపాణి గారు చేతులెత్తి ఆపారు. ఆయనకి నిజంగానే చిక్కు వచ్చిపడింది. ఆరు నెలల మొక్కలు గాలిని ఆపలేవని ఊరంతా సాక్ష్యం చెబుతోంది. ఇరవై రెండేళ్ళవి బతికి ఉన్నాయంటే సంస్థ పొరపాటు చేసినట్టు. పొరపాటుకి ఫారంలో గడి లేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, పెట్టుకుని, మళ్ళీ తీశారు.

"అయితే గాలిని ఆపినవి... మృతవృక్షములని తేలుతోంది" అన్నారు చివరికి.

"అలాగే రాసుకోండి బాబుగారూ," అంది నూకరత్నం. "మీ లెక్కలో చచ్చినవే నా అరటిని బతికించాయి. వాటిని కొట్టకుండా ఉంటే చాలు. మీరిచ్చే ప్రోత్సాహకమూ వద్దు, కార్డూ వద్దు."

ఆ రోజు పాతికేళ్ళ అనుభవమంతా ఆయన మొహంలో కనిపించిందని చూసినవాళ్ళు చెప్పుకుంటారు. తర్వాత కలం తీసి, పాత ఉత్తర్వు చింపేసి, అక్కడికక్కడే కొత్తది రాశారు. "మృతవృక్షములు గాలిని నిలువరించుటయందు సజీవ వృక్షముల కంటె సమర్థంగా ఉన్నట్లు క్షేత్రస్థాయిలో రుజువైనది. కావున ఇకమీదట గట్లపై మరణించిన ఏ వృక్షమునూ ఎవ్వరునూ నరకరాదు, తొలగించరాదు. అతిక్రమించిన వారిపై చర్య తీసుకొనబడును."

ఈసారి చప్పట్లు మోగిపోయాయి. ఎందుకో తెలియకపోయినా కోదండపాణి గారికి కళ్ళు చెమర్చాయి.

మళ్ళీ మాఘం వచ్చింది. ఆకులు రాలాయి. ప్రసన్నరాజు ఫోను పట్టుకుని రాకముందే రైతులు పోటీపడి ఎదురెళ్ళారు. "బాబూ, ముందు మావి చంపేసి వెళ్ళు", "మా కానుగలు కూడా కాస్త చచ్చాయని వేసుకో" అని బతిమాలారు. చచ్చిన చెట్టు జోలికి ఇక ఎవడూ రాడని ఊరందరికీ తెలిసిపోయింది. బుల్లెబ్బాయి కొత్త టేకు మొక్కలు నాటి, ఇవి పోవడానికి ఇంకెన్నాళ్ళు పడుతుందని రోజూ అడుగుతున్నాడు. నూకరత్నం అరవై రెండు చెట్లకీ మరణ ధ్రువీకరణ పత్రాలు వచ్చాయి. ఆవిడ వాటిని జాగ్రత్తగా బీరువాలో దాచుకుంది, అరటికి నీళ్ళు పెట్టడానికి వెళ్ళిపోయింది. గట్టు మీద ఆ చెట్లు అధికారికంగా చచ్చిపోయి, హాయిగా ఎదుగుతున్నాయి.